చప్పుడు లేని రాజ్‌దూత్

"నీ శత్రువు ఎవరో కాదు ఫరీద్. నీ బండి చప్పుడు," అన్నాడు చీఫ్.

హైదరాబాదులో బోర్డు లేని ఆఫీసు అది. బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. నరసరావుపేట అవతల, వినుకొండ రోడ్డులో బాలకోటయ్య జిన్నింగ్ మిల్లు. అందులో ఎక్కడో రహస్య ట్రాన్స్‌మిటర్. నడిపేది వాల్టర్ అనే విదేశీ గూఢచారి. ఇంతకు ముందు వెళ్ళిన ఏజెంట్ల మోటారుసైకిలు చప్పుడు వినపడగానే ట్రాన్స్‌మిటర్ మూగబోయింది.

"అక్కడ మన డబుల్ ఏజెంట్ ఒకరున్నారు. 'ఈ ఏడు మిరప ఎర్రగా దిగిందా' అని అడుగు. 'ఎండ చాల్లేదు' అంటే మనవాళ్ళు."

"ఎవరో చెబితే పోదా సార్?"

"చెబితే నీ మొహంలో కనపడుతుంది."

అలా ఫరీద్ మారువేషంలో మిల్లు ఎలక్ట్రీషియన్ మౌలాలీ అయ్యాడు. గది నరసరావుపేటలో. మధ్యాహ్నం భోజనం మిల్లు పక్కనే, కాలువ కట్ట కింది పేటలో, మెకానిక్ సుభానీ ఇంట్లో. సుభానీ అతని పాత రాజ్‌దూత్ ఇంజను దించేసి, వేలంలో కొన్న డీసీ మోటారు బిగించాడు. నాలుగు లారీ బ్యాటరీల్లో రెండు ఇంజను ఉండే చోట కూర్చున్నాయి, రెండు వెనక పాలక్యాన్లలా వేలాడాయి.

"ఇంత బరువేంది భాయ్?" అన్నాడు ఫరీద్.

"మోసేది బండి. నీకేం నొప్పి?" అన్నాడు సుభానీ.

ఖాళీ అయిన పెట్రోలు ట్యాంకు ఇక ఎందుకూ పనికిరాదే అని సుభానీ భార్య రబియా బెంగపెట్టుకుంది. ఫరీద్ రోజూ పొద్దున వచ్చి మిల్లులో ఛార్జింగ్ పెట్టి, సాయంత్రం వెళ్ళేవాడు. కరెంటు బిల్లు బాలకోటయ్యది. శత్రువు ఖర్చుతో తిరిగిన గూఢచారి మన శాఖలో అతనొక్కడే.

ఒక ఆదివారం పొద్దున చప్పుడు లేకుండా మిల్లు వెనక్కి చేరాడు. పత్తి బేళ్ళ మధ్య ట్రాన్స్‌మిటర్ దొరికింది. చెయ్యి వేయబోతుండగా వెనక నుంచి సెంటు వాసన వచ్చింది. మద్రాసు పత్తి కంపెనీ సెక్రటరీ లీలావతి నిలబడి ఉంది. నల్ల కళ్ళద్దాలు, చేతిలో పిస్టలు.

"ఈ ఏడు మిరప ఎర్రగా దిగిందా?" అన్నాడు ఆశగా.

"మాది పత్తి వ్యాపారం," అందామె. ఆమె వెనకే బాలకోటయ్య.

"ఏందిరా మౌలాలీ, మా ఉప్పు తిని మాకే ఎసరు పెడతన్నావా? కాలువ గేట్ల కింద బాంబు పెట్టాం. టీవీలో ఆదివారం సీరియల్ అయ్యేలోపు పేలిద్ది. గేటు కాపలావోళ్ళూ టీవీ ముందే, కట్ట కింద పేటా టీవీ ముందే. నీళ్ళొచ్చిందాకా ఎవుడూ లెగవడు."

బండితో సహా ఫరీద్‌ను గోడౌన్లోకి తోసి, ఇనుప తలుపుకు తాళం వేయించాడు. వాచ్‌మన్ ఇన్నయ్యకు నాటు తుపాకీ, తాళంచెవీ ఇచ్చి, దొంగ దొరికాడని మాత్రం చెప్పి, వాల్టరూ లీలావతీ సహా మిగతావాళ్ళతో కారెక్కాడు.

చుట్టూ కప్పు దాకా బేళ్ళు. కిటికీ లేదు. ఎక్కడో పైన అరచెయ్యి పట్టేంత వెంటిలేటరు. పత్తి నూగు గొంతులో అడ్డం పడుతోంది. ఫరీద్ భుజంతో తలుపును గుద్దాడు. అది పలకనైనా పలకలేదు.

"ఇన్నయ్య మావా, కాలువ దగ్గర బాంబుంది. తలుపు తియ్యి."

"దొరికిన దొంగ బాంబంటాడు, దేవుడంటాడు. నోర్మూసుకో. నీ మూలాన నాకు సీరియల్ పోయె."

పేటంతా చేరి చూసే పార్వతమ్మ ఇంటి టీవీలో సీరియల్ పాట మొదలవడం వెంటిలేటరులోంచి వినపడింది. ఈపాటికి రబియా పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టి ఉంటుంది. ఫరీద్‌కు ఏడుపొచ్చింది. గూఢచారులు ఏడవకూడదని రూలేమీ లేదు గనక కాసేపు ఏడ్చాడు.

ఉన్నట్టుండి బల్బు ఆరిపోయింది. టీవీ గొంతు మధ్యలో తెగింది. పేట పేటంతా ఒక్కసారి ఉసూరుమంది.

"ఒరేయ్ ఇన్నయ్యా, మిల్లులో లారీ బ్యాటరీ ఏదన్నా ఉంటే పట్టుకురారా," అని పార్వతమ్మ కేక. కరెంటు పోయినప్పుడు టీవీకి తన బ్యాటరీ అరువిచ్చే ట్రాక్టరు ఆ పూట ఊళ్ళో లేదు.

తాళం తిరిగింది. ముందు తుపాకీ, తర్వాత ఇన్నయ్య లోపలికొచ్చారు.

"నీ బండి బ్యాటరీ ఒకటి ఊడదియ్. టీవీకి ఒకటి చాలంట."

"చీకట్లో నట్లు కనపడవు మావా. బండిని గుమ్మంలోకి తొయ్యాల."

ఫరీద్ తోశాడు. ఒక బ్యాటరీ విప్పి, తెగిన చోట వైరు కలిపాడు.

"ఆ వైరెందుకు?"

"షాకు కొట్టకుండా."

ఇన్నయ్య తుపాకీ వీపున వేసుకుని, బ్యాటరీని రెండు చేతులా ఎత్తాడు. గుమ్మానికి బండి అడ్డం, తలుపు పడదు. చేతుల నిండా బరువు. అవతల సీరియల్ నడిచిపోతోంది.

"మంచానికి ఒక కోడు పీకాక ఇంకేడ పడుకుంటావు? నీ బండీ ఇంక కదలదు. ఈడనే ఉండు. ఉరికితే కాళ్ళ చప్పుడు ఇనపడిద్ది, కాలుస్తా," అని వెనక్కి తిరిగి నడిచాడు.

అతనికి ఏ చప్పుడూ వినపడలేదు.

మూడు బ్యాటరీలతో రాజ్‌దూత్ పెళ్ళినడక నడిచింది. కట్ట మీద మనిషన్నవాడు లేడు. గేట్లు కనుచూపు మేరలోకి రాగానే మోటారు మూలిగి ఆగిపోయింది. ఫరీద్ బండిని వదిలేసి పరుగెత్తాడు. గేటు చక్రం కింద గడియారం, డైనమైటు, వాటికి రెండు టార్చి సెల్స్. గడియారం ముల్లు తీగను తాకబోతోంది. సెల్స్ పీకేశాడు. ముల్లు తాకింది. నీళ్ళు తమ దారిన తాము పారుతూనే ఉన్నాయి.

అక్కడే కూలబడ్డాడు. కాసేపటికి సెంటు వాసన వచ్చింది.

"ఎండ చాల్లేదు," అంది లీలావతి, రొప్పుతూ. చేతిలో పింగాణీ ఫ్యూజు ఉంది.

"ఆ మాట పొద్దున అనొచ్చుగా?"

"వెనక బాలకోటయ్య ఉన్నాడు. నేను గురిపెట్టకపోతే అతనే కాల్చేవాడు. ఆనక నా పిస్టలూ లాక్కున్నాడు. మలుపులో కార్లోంచి దూకి, గుంటూరు పోలీసులకి ఫోన్ చేశాను. తాళం ఇన్నయ్య దగ్గర. పేటవాళ్ళు టీవీకి బ్యాటరీ అడిగితే తప్ప తియ్యడు. అందుకే ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పీకాను."

సాయంత్రం చీఫ్ ఫోన్లో రిపోర్టు విన్నాడు. వాల్టరూ బాలకోటయ్యా గుంటూరు రోడ్డులోనే దొరికారు.

"గుడ్. ముఠా మొత్తం లోపలుంటే, లీలావతిని రబియా బురఖాలో పేట ఎందుకు దాటించావు?"

"ముఠాకి భయపడి కాదు సార్. సీరియల్ మధ్యలో ఫ్యూజు పీకింది ఎవరో పేటకి తెలిసిపోయింది."