నూట డెబ్బై గ్రాముల బాకీ

పెళ్ళయి పాతికేళ్ళైనా కాటాల మెకానిక్‌కి ఒక అనుమానం తీరలేదు. ఆ రోజు భార్య తనని ఇష్టపడి పెళ్ళికి ఒప్పుకుందా, జాలిపడి ఒప్పుకుందా? దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు అడగబోయి, ఇంత చిన్న విషయానికి ఆయన్ని విసిగించడం ఎందుకని ఊరుకునేవాడు.

అప్పట్లో ఆవిడ ఆకలి మీద పరిశోధన చేసే ల్యాబ్‌లో డాక్టర్. అక్కడి కాటాలు చూడటానికి వెళ్ళినవాణ్ణి, పరీక్షకి ఒక మనిషి తక్కువయ్యాడని కూర్చోబెట్టేశారు. రాత్రంతా పస్తు. పొద్దున్నే రక్తం తీస్తారు. తర్వాత గిన్నెడు ఓట్స్ జావ తూచి ముందు పెడతారు. తిన్నాక మిగిలింది మళ్ళీ తూస్తారు. కాగితం మీద ఒక గీత ఉంటుంది. ఈ చివర సున్నా, ఆ చివర వంద. ఆకలి ఎంతో దాని మీద గుర్తు పెట్టాలి.

మొదటి రోజు ఎదురుగా నర్సు కూర్చుంది. గిన్నె ఖాళీ. రెండో రోజు స్టాప్‌వాచ్ పట్టుకుని డాక్టరే కూర్చుంది. తలెత్తితే ఆవిడ కళ్ళు. గుటక దిగలేదు. సగం మిగిలిపోయింది. మూడో రోజూ అదే వరస.

"ఏం మెకానిక్ గారూ, ఇంట్లో తినేసి వస్తున్నారా?"

"ఒట్టు మేడం. మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు."

"నిజమే, మీ రక్తంలో గ్రెలిన్ బోలెడుంది. కడుపు ఖాళీ అని అది మెదడుకి కబురు పెడుతుంది. జావలో పంచదార కూడా దట్టించాం. మెదడులో 'ఇంకా కావాలి' అనిపించే భాగం ఎగిరి గంతెయ్యాలి. మీరేమో చెంచా పట్టుకుని బొమ్మలా కూర్చుంటున్నారు!"

"లోపల 'చాలు' అనేవాళ్ళు లేరా అండీ?"

"ఉన్నారు, లెప్టిన్ అని. పస్తున్నవాడి దగ్గర దాని గొంతు పెద్దగా లేవదు."

"పిడికెడు పొట్టకి దేవుడు ఇంతమంది గుమస్తాల్ని పెట్టాడా!"

ఆవిడ నవ్వలేదు. "అయితే తప్పు కాటాదే. చూసి చెప్పండి. అదే నిజమైతే నెల రోజుల తూకాలన్నీ చెత్తబుట్టలోకే."

అతను తూకం రాళ్ళు ఒక్కొక్కటే పెట్టి చూశాడు. ముల్లు సరైన అంకె నుంచి వెంట్రుక వాసి కూడా జరగలేదు. 'కొంచెం తేడా ఉంది' అంటే తన పరువు దక్కుతుంది, ఆవిడ కష్టం మట్టిలో కలుస్తుంది. బాగుందంటే, మరి ఎందుకు తినలేదో చెప్పాలి. చెవులు ఎర్రబడ్డాయి.

"కాటా కరెక్టే మేడం. మీరు ఎదురుగా కూర్చుంటే... నాకు ఆకలి పోతోంది."

మూల నుంచి నర్సు దగ్గింది.

"పులి ఎదురుగా కూర్చున్నా పోతుంది," అంది డాక్టర్, జాబితాలో అతని పేరు కొట్టేస్తూ. "ఇవాళ మిగిల్చింది నూట డెబ్బై గ్రాములు. బాకీ ఉన్నారు."

రెండు నెలల తర్వాత సంబంధం అడగటానికి వెళితే ఆవిడ తండ్రి అంతా విని, "కాటా దగ్గర అబద్ధం ఆడనివాడు కాపురంలోనూ ఆడడమ్మా," అని దీవించాడు. ఆవిడ తల ఊపిందంతే.

ఆ తర్వాత కంచంలో నాలుగు మెతుకులు వదిలితే చాలు, "పాత బాకీ మీద కొత్త బాకీనా?" అనేది.

నిన్న ఆవిడ రిటైరైంది. ల్యాబ్ వాళ్ళు పారేయబోతున్న ఆ పాత కాటానీ, ఒక కాగితాల పెట్టెనీ ఇంటికి తెచ్చుకుంది. ఇవాళ పెట్టె సర్దుతుంటే అతనికి ఆకలి గీతలు కనబడ్డాయి. చేతిరాత ఆవిడది. తేదీలు అతను మరిచిపోలేనివి. మొదటి రోజు గుర్తు డెబ్బై దగ్గరుంది. రెండో రోజు నాలుగు. మూడో రోజు సున్నా.

"ఇవెవరి గీతలు?"

ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసింది. "నావే. మీ ఆకలి కొలుస్తూ నాదీ రాసుకునేదాన్ని. నేనూ ఏమీ తినకుండానే వచ్చేదాన్ని ఆ మూడు రోజులూ."

"మరి సున్నా ఏమిటి?"

"పులి మీ ఒక్కరికే కనబడిందనుకున్నారా?"

"పాతికేళ్ళు చెప్పలేదే!"

"మీరు అడిగారా?"

దేవుణ్ణే అడగనివాడు ఆవిణ్ణేం అడుగుతాడు!

ఆవిడ ఓట్స్ జావ కాచింది. గిన్నెని కాటా మీద పెట్టి ముల్లు సున్నాకి తెచ్చింది. నూట డెబ్బై గ్రాములు తూచి అతని ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది. అతను తలెత్తాడు. చెంచా నోటిదాకా తెచ్చి మళ్ళీ గిన్నెలో పెట్టాడు.

"అలా చూడకు. దిగట్లేదు."

"ఇన్నేళ్ళకి దొరికారు, చూడకుండా ఎలా? తినండి."

జావ ఏమీ బాగాలేదు. అయినా అతను చెంచా చెంచా తిని, గిన్నె అంచు వేలితో తుడిచి నాకి, కాటా మీద పెట్టాడు. ఇద్దరూ వంగి చూశారు. ముల్లు కాసేపు వణికి, సున్నా దగ్గర నిలబడింది.