ఆరోగ్యం అత్త కొలత కాగితం

పదిన్నర బస్సుకు ముందు కావాల్సిన పనులు చాలా ఉన్నాయి. సర్టిఫికెట్లకు జిరాక్సులు తీయించాలి. సూట్‌కేసు జిప్పు నాన్న బాగుచేయాలి. మేనత్తకు అమ్మ కొట్టించిన కారం డబ్బాకెత్తాలి. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేయాలి. హైదరాబాదులో ఏ స్టాపులో దిగాలో అత్తను అడగాలి.

అన్నీ జిప్పు దగ్గరే ఆగిపోయాయి.

జూలూరుపాడు దగ్గర చిన్న ఊళ్లో షాలేమ్‌రాజు టైలరు. వసారాలోనే మిషను. ఆ పొద్దున కత్తెర పక్కన పడేసి పేపరు పట్టుకున్నాడు. ‘కత్తుల కాలనీ’ అని పెద్దక్షరాలు. నగర శివారులో ఆయన అక్క ఆరోగ్యం ఇరవై ఏళ్లుగా ఉంటున్న కట్టమీది కాలనీ గురించే ఆ వార్త. కూతురు ఆరాధన రేపు ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరితే ఉండాల్సింది అక్కడే.

“సూట్‌కేసు లోపల పెట్టు బిడ్డా. నువ్వు పోవుడు లేదు.”

రేపు చేరకపోతే ఉద్యోగం ఇంకొకరికిస్తారని, ఈ ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివిన పిల్లను ఇందుకేనా చదివించిందని తల్లి రిబ్కా అడిగింది. పేపరోళ్లు ఉత్తగనే రాస్తరా అని ఆయన ఎదురడిగాడు.

ఆరాధన పేపరు లాక్కుని చదివింది. ఇద్దరు తాగి కొట్టుకున్నారు, ఒకడి చెయ్యి తెగింది. వాళ్లలో ఒకడు ఆ కాలనీవాడే కాదు. అదే పేజీ అడుగున, నగరం నడిబొడ్డున బంగళాలో అన్న తమ్ముణ్ని కాల్చాడని నాలుగు లైన్లు. దానికి ‘కుటుంబ కలహం’ అని పేరు. ఆమెకు ఒళ్లు మండింది.

“బంగళాల చంపుకుంటే ఇంటి గొడవంట. కాలనీల కొట్టుకుంటే అందరి చేతుల్ల కత్తులేనా నాన్నా?”

జాకెట్టు కొలతలన్నీ ఆయన పాత పేపర్ల మీదే కత్తిరించి, పేర్లు రాసి, మేకుకు గుచ్చి దాస్తాడు. ఆరాధన ఆ కట్ట దించి, వెతికి, ‘ఆరోగ్యం’ అని పెన్సిలుతో రాసిన వీపు ముక్కను మిషను మీద పరిచింది. దాని మీద సగం తెగిన హెడ్డింగు: ‘జ్వరాల పల్లె’.

అది వాళ్ల ఊరే. నాలుగేళ్ల కిందట పదకొండు ఇళ్లలో జ్వరాలొస్తే ఊరంతటికీ ఆ పేరు పెట్టారు. మధిర నుంచి షాలేమ్‌రాజుకు కుట్టడానికి రావాల్సిన పెళ్లి బట్టలు రాలేదు. ఖమ్మంలో ఉన్న రిబ్కా అన్నదమ్ములు గడప తొక్కలేదు. రాసినవాణ్ని షాలేమ్‌రాజు వారం రోజులు తిట్టాడు. ఆ పదకొండు ఇళ్లలో ఆయనదీ ఒకటి.

“గప్పుడు మనింటికి ఎవరొచ్చిండ్రు నాన్నా?”

ఆయన కాగితం మీది పెన్సిలు అక్షరాలను వేలితో తడిమాడు.

“అత్తే గదా వచ్చింది. అమ్మకూ నాకూ పన్నెండు దినాలు గంజి తాపింది. పోయేనాడు నువ్వు జాకెట్టు కుట్టిచ్చినవ్. గీ కాగితం గప్పుడు కోసిందే.”

“అక్కకు ఈ సంగతి తెల్వక వచ్చిందేమో.”

“పేపర్ల చదివే వచ్చింది. రాసినోనికి మనూరు తెల్వదు, నాకు తెలుసు గదా అన్నది.”

షాలేమ్‌రాజు భుజం మీది తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. తువ్వాలు తీసి చెప్పాడు.

“ఇరవై ఏండ్లల్ల అక్క ఇల్లు నేనొక్కపారి జూడలే బిడ్డా. గా పేపరోడు జూడలే, నేనూ జూడలే.” ముక్కు తుడుచుకుని, జిప్పు బాగుచేయడానికి సూట్‌కేసు ముందుకు లాక్కున్నాడు. “మధ్యాహ్నం బస్సుకు పోదాం. నేనూ వస్త. ఆలోపు అక్కకో జాకెట్టు అయితది.”

రిబ్కా కారం డబ్బా మూత గట్టిగా బిగించింది.

రేపు మీ పేపర్లో ఏదో ఒక శివారు కాలనీ పేరు పెద్దక్షరాల్లో కనబడుతుంది. చదవండి. చదివాక, జ్వరాల పల్లెకు గంజి కాయడానికి బస్సెక్కి వచ్చిన ఆరోగ్యం అత్తను ఒక్కసారి గుర్తు చేసుకోండి.