ఏడ్చే హారను

ఒక్క మాట అడుగుత, నిజం చెప్పుండ్రి. చీకటి పడ్డంక, అడివి రోడ్డు మీద, ఒంటరి ఆడమనిషి చెయ్యెత్తి నిలబడితే — మీ బండి ఆగుతదా?

ఆగదు. నాకు ఎరికే. అందుకే ఈ ముచ్చట మీకే చెప్తున్న.

భూపాలపల్లి దాటి కాటారం పోయే తొవ్వల, అడివి రెండు పక్కల నుంచి ముంగటికి వంగినట్టుండే చోట ఒక మోరి, గదే చిన్న కల్వర్టు, ఉంది. వానకాలం తప్ప దాని కింద నీళ్ళు పారవు. దాన్ని ఏడుపుల మోరి అంటరు. అరవై తొమ్మిదిల, ఊర్లన్ని ఉద్యమంల ఉన్నప్పుడు, బస్సులు బందైన దినాలల్ల, నొప్పులు పడుకుంట ఒకామె దవాఖానకు నడిచిపోతున్నదంట. మోరి కాడ కూలబడ్డది. వచ్చిన బండికల్ల చెయ్యెత్తింది. ఏ బండీ ఆగలే. తెల్లారేసరికి తల్లీ పిల్లా ఇద్దరూ లేరు.

ఆమె పేరేందని నేను చానమందిని అడిగిన. ఎవ్వలకూ తెల్వదు. దయ్యమైనంక పేరెందుకు?

అప్పటి నుంచి ఆ తొవ్వల బండి నడిపేటోళ్ళకు ఒక కాయిదా ఉంది. మోరి వస్తుందంటే అద్దాలు ఎక్కియ్యాలె. హారను మీద నుంచి చెయ్యి తియ్యొద్దు. ఎవరు చెయ్యెత్తినా బ్రేకు తొక్కొద్దు. ముఖ్యం — పేరు పెట్టి పిలిస్తే పలకనే వద్దు. తెలిసినోళ్ళ గొంతు తోటే పిలుస్తదంట... పలికినోని ఇంట్ల ఒక పానం పోతదంట.

ఇప్పుడు బండి ముచ్చట.

మోరికి అవతల ఊరి దొర జగపతిరావు. ఎనభై నాలుగు దసరాకు ఆయన ఇంట్ల కారు కొనాలని పడ్డది. కోడలు ప్రమీలకు తొలి కాన్పు. బస్సుల కుదుపుకు పిల్ల ఏమైతదోనని భయం. అయితే ఏ బండి కొనాలన్న కాడ తండ్రీ కొడుకులకు లడాయి.

"జీబు కొందాం," అన్నడు జగపతిరావు. "చెలక గట్టు గానీ, వాగు గానీ, ఏడికన్న ఎక్కుతది. ఓట్లప్పుడు మైకు కట్టుకోవచ్చు."

"జీబుల కూసుంటే జనం పోలీసోళ్ళు వచ్చిండ్రని ఉరుకుతరు బాపూ," అన్నడు కొడుకు రవీందర్. హైదరాబాదుల చదివి వచ్చినోడు. "చూస్తే సోకుగుండాలె. తొక్కితే ఉరకాలె."

"ఉరుకుడు తర్వాత," అన్నది దొర్సాని రుక్మిణి. "పెండ్లికి పోతే పెట్టెలు పట్టాలె, బిందెలు పట్టాలె, మీ మేనత్త పట్టాలె. ఆమె ఒక్కతె పడితే చాలు, లోకమంత పట్టినట్టే."

ప్రమీలను ఎవ్వరూ అడుగలే. ఎవరిదో జీబు తెచ్చి, ఎక్కించి, ఊరి చుట్టు తిప్పిండ్రు. దిగుడు దిగుడే కడుపు పట్టుకొని అరుగు మీద కూలబడ్డది. జీబు ముచ్చట అక్కడనే బంద్.

ఆఖరుకు రవీందర్ తెచ్చిన బండి చూడనీకె ఊరు ఊరంత దొర గడీ ముంగట నిలబడ్డది. ముందర చూస్తే కారు. వెనుకకు పోతే అర్ర లెక్క పొడుగు. వెనుక తలుపు పైకి లేస్తది, లేస్తే ఇద్దరు పండుకునేటంత జాగ. మిరపపండు ఎరుపు, పక్కలకు నల్ల పట్టీలు. గేరు మార్చినప్పుడల్లా రవీందర్ మొఖంల పెండ్లికొడుకు కళ.

బండి వచ్చినంక ఇంట్ల మనుషులు దాని మాట వినుడు షురూ చేసిండ్రు. సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు తియ్యొద్దని రుక్మిణి హుకుం. ఎండకు అవి ఒంటికి అంటుకునేవి. లేస్తే చర్మం లేసినట్టే. చెప్పులు చేతుల పట్టుకొని ఎక్కాలె. ఎవలన్న తలుపు గట్టిగ వేస్తే జగపతిరావు తన పన్ను పీకినట్టు అరిచేటోడు.

రవీందర్‌కు ఇవన్ని చాలలే. పట్నం పోయి ఒక హారను బిగిపిచ్చుకొచ్చిండు. నొక్కితే అప్పుడే పుట్టిన పిల్ల ఏడ్చినట్టు ఏడుస్తది. కువ్వా... కువ్వా... అని. ఆ దినాలల్ల గది ఫేషన్. పొద్దుగూకే వేళ కూలోళ్ళు ఇండ్లకు పోతుంటే వెనుక నుంచి మెల్లగ వచ్చి నొక్కేటోడు. ఆడోళ్ళు కేక పెట్టి చెంగులు పట్టుకొని ఉరికితే, స్టీరింగు మీద తల పెట్టి నవ్వేటోడు.

"నా కడుపుల పిల్ల ఇంక బయటికే రాలే, అప్పుడే ఏడిపిస్తున్నవా?" అన్నది ప్రమీల ఒకనాడు.

"ఇప్పటి నుంచే అలవాటు చేస్తున్న. రేపు నిజం పిల్ల ఏడిస్తే హారనే అనుకొని పండుకుంట," అన్నడు.

ఆ మాట గుర్తు పెట్టుకోండ్రి.

బండి కడిగేది దుర్గమ్మ. గడీల పని మనిషి. మొగుడు గోదావరిఖని బొగ్గు బాయిలల్ల పనికి పోయిండు, తల్లి ముత్తమ్మ తోటి ఉంటది. దుర్గమ్మకూ అదే నెల. చిన్న దొర్సాని ప్రమీల కడుపుతోటి కూసుంటే, పని మనిషి కడుపుతోటి కూసొని టైర్లు కడిగేది. ఇద్దరి వయసు ఒక్కటే. రుక్మిణి అటు పోయినప్పుడు ఇద్దరూ కడుపులు చూసుకొని నవ్వుకునేటోళ్ళు.

ఒకనాడు దుర్గమ్మ బండి వెనుక అద్దం తుడుచుకుంట అడిగింది. "పెద్ద దొర్సానీ, నాకు నొప్పులొస్తే గీ బండ్ల జర దవాఖాన కాడ దింపుతరా?"

"ఓయబ్బ! సీట్ల మీద కూసుంటవా ఏందే?" అన్నది రుక్మిణి. "కవరు సుత తియ్యలే మేము."

"సీట్ల మీద ఎందుకు దొర్సానీ? వెనుక పండుకుంట. గోనెసంచి ఏసుకుంట కింద."

రుక్మిణి నవ్వుకుంట లోపలికి పోయింది. ప్రమీల మాత్రం దగ్గరికి వచ్చి గుసగుసగ చెప్పింది. "ఏ రాత్రైనా రా. గేటు కాడ నిలబడి దొర్సానీ అని పిలవకు — అత్తమ్మనే పలుకుతది, పొమ్మంటది. నన్ను పేరు పెట్టి పిలువు. ప్రమీలా అని. గడీల నన్ను అట్ల పిలిచేటోళ్ళు లేరు. వినంగనే నువ్వని తెలుస్తది. నేను లేస్త, బండి తీపిస్త. నా బిడ్డ మీద ఒట్టు."

"పేరు పెట్టి పిలిస్తే నా నాలుక కోస్తరు," అన్నది దుర్గమ్మ.

"కోసే ముందు దవాఖానల దింపుతరు గద," అన్నది ప్రమీల. ఇద్దరూ నవ్విండ్రు.

ఆ నెలల్నే జనగామల చుట్టాల పెండ్లి. రవీందర్ స్టీరింగు కాడ, పక్కన జగపతిరావు, వెనుక సీట్ల అత్తా కోడళ్ళు. తిరుగు తొవ్వల భూపాలపల్లి దాటేసరికి కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి.

"మోరి వస్తుంది," అన్నడు జగపతిరావు. "అద్దాలు ఎక్కియ్యుండ్రి."

ఎక్కిచ్చిండ్రు. రవీందర్ చెయ్యి హారను మీద పెట్టి తియ్యలే. కువ్వా... కువ్వా... అడివంత పసిపిల్ల ఏడుపు.

మలుపు తిరిగినరు.

లైట్ల వెలుగుల — మోరి మీద — ఒక ఆడది. తల ఇరబోసుకొని ఉంది. చెయ్యి పైకెత్తి ఉంది.

పక్కకు తప్పుకుంటలేదు... బండికి ఎదురు ఉరికొస్తుంది. నవ్వుతుంది!

"ఆపకురా!" అన్నడు జగపతిరావు. "తొక్కు..."

రవీందర్ తొక్కిండు. బండి పక్కకు కోసుకుంట పోయింది. అద్దాల అవతల నుంచి ఒక్క కేక —

"ప్రమీలా...!"

వెనుక తలుపు అద్దం మీద దబ్బుమని దెబ్బ.

ప్రమీల సీట్ల నుంచి లేచింది. "నన్ను పిలిచింది అత్తమ్మా... పేరు పెట్టి..."

"పలకకు!" రుక్మిణి కోడలు నోరు రెండు చేతుల తోటి మూసింది. "నిన్ను పేరు పెట్టి పిలిచే దమ్ము ఈ చుట్టుపక్కల ఏ ఆడదానికి ఉంది? మనిషైతే దొర్సానీ అంటది. గది మనిషి కాదు."

ప్రమీల ఆ చేతుల కింద నుంచి ఏదో అన్నది. దుర్గ... దుర్గ... అని వినపడ్డది.

"చూసినవా! ఎరికున్నోళ్ళ గొంతు తోటి పిలుస్తదని చెప్పలేదా?" రుక్మిణి కోడల్ని సీటుకు అదిమిపట్టింది. "పట్టింది... పిల్లను పట్టింది. పోనియ్యిరా!"

మోరి దాటినరు. ఏడుపు మాత్రం ఆగలే.

"హారను ఆపు," అన్నడు జగపతిరావు.

రవీందర్ రెండు చేతులు పైకెత్తి చూపిచ్చిండు. "ఆపిన బాపూ."

కువ్వా... కువ్వా...

వైరు ఇరుక్కున్నదనుకున్నడు. బండి ఆపి, ఇంజను బంద్ చేసి, దిగి, బానెట్ లేపి, చేతికి దొరికిన హారను వైరు పటుక్కున తెంపిండు.

కువ్వా...

ముందర నుంచి కాదు. వెనుక నుంచి. చీకట్ల నుంచి.

బానెట్ దించిండో లేదో, ఉరికొచ్చి ఎక్కిండు. ఇంటి దాక మళ్ళ బండి ఆపలే.

తెల్లారింది. గడీ ముంగట కొత్త బండి. వెనుక అద్దం మీద అయిదు వేళ్ళ తోటి పెద్ద అరచెయ్యి అచ్చు. ఎండిన నెత్తురు. జనం గుమిగూడిండ్రు. మోరి దయ్యం గుర్తు పెట్టి పంపింది అన్నరు. ఒకడు నిమ్మకాయలకు ఉరికిండు. అర్రల పెట్టి గొళ్ళెం పెట్టిన ప్రమీల తలుపు కొట్టి అరుస్తుంటే, గది దయ్యమే అరుస్తుందని భూతవైద్యునికి మనిషిని పంపిండ్రు.

రుక్మిణి పసుపు నీళ్ళ బిందె తెచ్చి బండి కాడ పెట్టింది. దయ్యం ముట్టిన అద్దాన్ని తాను ముట్టదు గద. రోజూ పిలిచినట్టే వాడకట్టు దిక్కు తిరిగి కేకేసింది.

"దుర్గా! ఓ దుర్గా! ఏడ సచ్చినవే? వచ్చి బండి కడుగు!"

ఎవ్వరూ పలకలే.

ఇంకోసారి పిలిచింది. జనం పక్కకు జరిగిండ్రు. వచ్చింది దుర్గమ్మ కాదు. ఆమె తల్లి ముత్తమ్మ. జుట్టు ఇరబోసుకొని ఉంది. చీర ముందరంత నల్లగ గడ్డకట్టి ఉంది. చెంగుల ఏదో మూట.

ఆమె ఏడుస్తలేదు. ఒర్రుతలేదు. ఎప్పటి లెక్కనే చెప్పింది.

"నొప్పులు ముందుగాల వచ్చినయి. మీరు పెండ్లికి పోయిండ్రు. మా వాడకట్టు పాపయ్య ఎడ్లబండి కడితే దవాఖానకు బయలెల్లినం. మోరి కాడ ఇరుసు ఇరిగింది. పాపయ్య ఇంకో బండికి ఊర్లకు ఉరికిండు. ఆయన అటు పోవుడు, పిల్ల పుట్టుడు. నెత్తురు ఆగలే. ఒక లారీ పోయింది. ఇంకో లారీ పోయింది. అప్పుడు దూరంకెల్లి మీ హారను వినపడ్డది. దుర్గ లేచి కూసున్నది. 'మన బండే అవ్వా, ప్రమీలా అని పిలువు, ఆగుతది' అన్నది. నేను సంబురంగ ఉరికిన..."

ముత్తమ్మ బండి వెనుకకు పోయింది. తన చెయ్యి తీసి ఆ అచ్చు మీద పెట్టింది.

వేలుకు వేలు అతికింది.

"నా బిడ్డ నెత్తురే. మీ దుర్గ ఇగ రాదు. బండి మీరే కడుక్కోండ్రి."

అప్పుడు చెంగుల మూట కదిలింది. కువ్వా... కువ్వా... అని ఏడ్చింది. అచ్చం అదే ఏడుపు.

ముత్తమ్మ రవీందర్ ముంగటికి నడిచింది. పిల్లను ఆయన మొఖం దగ్గరికి పట్టింది.

"చిన్నదొరా, గీ హారను రాత్రి నుంచి ఆగుతలేదు. జర ఆపు."

ప్రమీల పెద్దవంగర ఆడపిల్ల. కాన్పుకు తల్లిగారింటికి వచ్చింది, మళ్ళ అత్తగారింటికి పోలే. ఇదంత నాకు చెప్పింది ఆమెనే. తన బిడ్డకు ఒక దిక్కు, దుర్గ బిడ్డకు ఒక దిక్కు పాలిచ్చుకుంట చెప్పింది. ముత్తమ్మ పక్కన కూసొని వింటున్నది. ఒక్క మాట సుత అడ్డం రాలే.

గడీల ఏమనుకుంటరో తెలుసా? దుర్గమ్మను మోరి దయ్యమే తిన్నదంటరు. ఇప్పుడు ఆ మోరి కాడ ఒక్కతె కాదు, ఇద్దరు నిలబడుతరని డ్రైవర్లు చెప్పుకుంటరు. అద్దాలు ఇంక గట్టిగ ఎక్కిస్తరు. హారను ఇంక దూరం నుంచే నొక్కుతరు. రేపు మూడో ఆమె చెయ్యెత్తుతది. ముగ్గురైతరు.

బండ్లు ఉన్నోళ్ళారా, రేపు కొనేటోళ్ళారా, మీకే చెప్తున్న. ఆ మోరికి నిమ్మకాయలు కట్టకుండ్రి, కొబ్బరికాయలు కొట్టకుండ్రి. చెయ్యెత్తిన మనిషి కనపడితే బ్రేకు తొక్కుండ్రి. అద్దం దించుండ్రి. ముందుగాల పేరు అడుగుండ్రి. అడిగి, ఆమెను సీటు మీద కూసోపెట్టుండ్రి.