కొంచెం ఇష్టం

"పులావ్ ఎవరు చేశారోగానీ లవంగాలు గుప్పిళ్ళతో పోశారండీ. తింటుంటే డెంటిస్ట్ కుర్చీలో కూర్చున్నట్టుంది."

ఐర్లాండ్‌లోని నేస్ ఊళ్ళో తెలుగువాళ్ళ ఆదివారం ప్రార్థన ముగిసి, హాల్లో అందరూ భోజనాలకు కూర్చున్న వేళ అది. అన్నవాడి పేరు శౌరి. సొంతూరు గుంటూరు దగ్గర, ఉద్యోగం లీక్స్‌లిప్‌లో చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీలో. ఆ పులావ్ చేసిన డెబోరా సరిగ్గా అతని ఎదురుగానే కూర్చుంది.

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా పెరుగుచట్నీని మెచ్చుకోవడం మొదలుపెట్టారు.

"నేనే చేశాను," అంది డెబోరా.

"అవునా? సారీ అండీ. అయినా లవంగాలు ఎక్కువే."

డెబోరాకి ఒళ్ళు మండింది. పక్కనున్న తల్లి పుష్పవతికి ఇంకా ఎక్కువ మండింది. తండ్రి టైటస్ మాత్రం ఇవేమీ పట్టించుకునే మనిషి కాదు.

"మన శౌరికి ఫిన్లాండ్ ట్రాన్స్‌ఫర్ వచ్చిందమ్మా, రెండేళ్ళు. నువ్వక్కడ నర్సుగా చేసొచ్చావు కదా, కాస్త ఆ భాష నేర్పకూడదూ?" అన్నాడు.

"అక్కడ అందరూ మొహం మీదే చెప్పేస్తారంటగా," శౌరి హుషారుగా అందుకున్నాడు. "నాకు బాగా సెట్ అవుద్ది."

డెబోరాకి ఆ కోపంలోనూ నవ్వొచ్చింది. "మీరక్కడ ఇలా మాట్లాడితే కాఫీకి కూడా ఎవరూ తోడు రారు. శనివారం ఇంటికి రండి," అంది.

అలా వాళ్ళ వంటింటి బల్ల దగ్గర పాఠాలు మొదలయ్యాయి. పుష్పవతి పొయ్యి దగ్గర కూర కలుపుతూ ఒక చెవి ఇటే వేసి ఉంచేది. లవంగాల మాట ఆవిడింకా మర్చిపోలేదు.

"వాళ్ళు అబద్ధం చెప్పరు. అలాగని నిజాన్ని తీసి మొహాన కొట్టరు," అంది డెబోరా. "మీరు కిటికీ తెరిచి వదిలేశారనుకోండి. ఎందుకు తెరిచావ్ అనరు. అసలు మీ ఊసే ఎత్తరు. ఇక్కడ కొంచెం చల్లగా ఉన్నట్టుందే, అంటారు. మీరే లేచి వేస్తారు."

"నాకు అర్థం కాకపోతే?"

"వాళ్ళు స్వెటర్ వేసుకుంటారు."

"బాగుందే! కొంచెం అనడానికి ఏమంటారు?"

"వ్యాహ్యాన్. ఎంత పెద్ద తప్పయినా వాళ్ళ నోట్లో వ్యాహ్యానే. ఓసారి నేను వార్డులో మందుల బీరువా మొత్తం తారుమారుగా సర్దేశాను. మా హెడ్ నర్స్ చూసి, కాసేపు ఆగి, ఇవి కొంచెం కలిసిపోయినట్టున్నాయి అంది. తిట్టినా అంత సిగ్గుపడేదాన్ని కాదు."

శౌరి పడీపడీ నవ్వాడు. నవ్వు ఆగాక అడిగాడు, "మరి అక్కణ్ణుంచి ఎందుకొచ్చేశారు?"

"చలి."

అది సగం నిజం. మధ్యాహ్నానికే చీకటి పడే ఊళ్ళో, డ్యూటీ దిగొచ్చాక మాట్లాడ్డానికి మనిషి లేక, ఒంటరితనంతో ఆమె విసిగిపోయింది. మళ్ళీ ఆ దేశం మొహం చూడకూడదనుకుని వచ్చేసింది.

శౌరి ముక్కుసూటి మనిషేగానీ మొండివాడు కాదు. నేర్పింది నేర్చుకున్నాడు. పక్కింటాయన రోజూ తన గేటుకి అడ్డంగా కారు పెడుతుంటే, వెళ్ళి గొడవపడకుండా, "కారు కొంచెం గేటు దగ్గరికి జరిగినట్టుందండీ," అన్నాడట. ఆయన ఐరిష్ వాళ్ళ పద్ధతిలో "యూ ఆర్ గ్రాండ్", అంటే దానికేముంది అంటూ వెంటనే తీసేశాడట. ఆ సంగతి చెప్పడానికి ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడాడు. ఆ తర్వాత ఫోన్ చేయడానికి సంగతులు అవసరం లేకపోయింది.

ఓ శనివారం పుష్పవతి చేపల పులుసు పెట్టింది. శౌరి ఒక ముద్ద తిని, పాఠంలో చెప్పినట్టు కాసేపు ఆగాడు.

"చింతపండు ఇవాళ కొంచెం హుషారుగా ఉన్నట్టుందాంటీ."

పుష్పవతి గరిటె పట్టుకుని నిలబడిపోయింది. తర్వాత ఫక్కున నవ్వి ఇంకో ముక్క వేసింది. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అన్నారా?

తల్లి నవ్వినందుకు సంతోషించాల్సిన డెబోరాకి ఆ రోజే దిగులు పట్టుకుంది. తను నేర్పే ప్రతి మాటా అతన్ని విమానం ఎక్కించడానికే. అతనంటే ఆమెకి చాలా ఇష్టం. అతనికీ ఉంటే ఈపాటికి చెప్పేసేవాడు కదా! లవంగాల గురించే కడుపులో దాచుకోలేని మనిషి, ప్రేమ దాచుకుంటాడా?

చివరి శనివారం రానే వచ్చింది. బయట వాన. శౌరి గుమ్మం దగ్గర బూట్లు వేసుకుని, లేచి నిలబడి, కాసేపు ఆగాడు.

"డెబోరా గారూ, నాకు... కొంచెం మీరంటే ఇష్టం కలిగినట్టుంది."

ఆమె గుండె ఎగిరి, అంతలోనే కిందపడింది.

"కొంచెమా?"

"అంటే... ఉన్నట్టుంది."

"సరే. కొంచెం జాగ్రత్తగా వెళ్ళండి," అని తలుపేసింది.

వంటింట్లోకి వచ్చేసరికి కళ్ళు నిండిపోయాయి. "ఏమన్నాడే?" అంది పుష్పవతి.

"ఏముంది? నేనంటే కొంచెం ఇష్టమంట. ఉన్నట్టుందంట!"

పుష్పవతి పొయ్యి ఆపి కూతుర్ని ఎగాదిగా చూసింది. "ఇన్నాళ్ళూ ఆ అబ్బాయికి నువ్వు నేర్పిందేంటే? ప్రతిదానికీ ముందు కొంచెం తగిలించు, చివర ఉన్నట్టుంది తగిలించు అని నూరిపోశావు. ఇప్పుడు పాఠం అప్పజెప్తే ఏడుస్తావేంటి?"

డెబోరా చెప్పుల్లోనే పరుగెత్తింది. సందు చివర బస్టాపులో శౌరి తడుస్తూ నిలబడి ఉన్నాడు, బస్సు వచ్చే వైపు కాకుండా ఇంటి వైపు చూస్తూ.

"చేదు మాటని తగ్గించి చెప్పమన్నాను," అంది ఆయాసపడుతూ. "తీపి మాటని కూడా తగ్గిస్తారా ఎవరైనా?"

"మొరటుగా చెప్తే మీకు నచ్చదేమోనని భయమేసింది. పాత పద్ధతిలో చెప్పెయ్యనా?"

"చెప్పండి."

"నువ్వంటే ప్రాణం. పెళ్ళి చేసుకుందాం. నువ్వక్కడికి రానంటే ఆ ట్రాన్స్‌ఫర్ వద్దని సోమవారమే చెప్పేస్తా." మొహం మీది వాన తుడుచుకున్నాడు. "ఆ రోజు లవంగాలు మాత్రం నిజంగానే ఎక్కువ."

డెబోరా ఏడుస్తూనే నవ్వింది. తను ఒంటరిగా తిరిగిన ఆ మంచు వీధుల్లో ఇంత వాగే మనిషి పక్కన నడుస్తుంటే ఎలా ఉంటుందో మొదటిసారి ఊహించుకుంది. భయం వేయలేదు.

"వద్దని చెప్పకు. వెళ్దాం," అంది. "అక్కడ చలి కొంచెం ఎక్కువ."

"నీ కొంచెం ఎంతో నాకు తెలుసులే. పెద్ద దుప్పటే కొందాం."

బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. దాని వెనకే టైటస్ కారు వచ్చి ఆగింది. ఆయన అద్దం దించాడు.

"ఇద్దర్నీ ఎక్కించుకు రమ్మంది మీ అమ్మ. పులుసులో చింతపండు తగ్గించిందంట. ఎవరి కోసమో నాకు చెప్పలా."

శౌరి వెనక సీట్లో కూర్చుని గొంతు సవరించుకున్నాడు. "అంకుల్, మీతో ఒక విషయం మాట్లాడాలి. నాకు మీ అమ్మాయంటే ఇష్టం."

టైటస్ అద్దంలోంచి ఇద్దర్నీ చూశాడు. "కొంచెమా?"

"చాలా," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"అయితే సరే," అని టైటస్ కారు ఇంటి వైపు తిప్పాడు.