నాలుగు వందల పన్నెండో ఇల్లు

ఆవిడ గేటు బయట నిలబడి, తలుపు తట్టినట్టు చప్పట్లు కొట్టి పిలిచింది.

"ఏం అమ్ముతున్నారు?" అన్నాను స్పానిష్‌లో.

"ఏమీ అమ్మను. ఎవరితో ఏ భాష మాట్లాడతారో అడిగి రాసుకుంటాను."

"దానికి జీతమిస్తారా?"

"ముప్ఫై ఏళ్ళుగా ఇస్తున్నారు."

పేరు నీమియా ఒవెలార్. రాజధాని అసున్సియోన్‌లో ప్రొఫెసర్. యాభై దాటి ఉంటాయి. నోట్‌బుక్ తెరిచిందో లేదో వాన పట్టుకుంది. వానకి మట్టిరోడ్డు మూసేశారు. బస్సుల్లేవు. మా మరదలు సునిల్దా ఆవిడకి తన ఇంట్లో మంచం వేసింది. పగలంతా మాత్రం మా అరుగు మీదే.

"కుక్కతో?"

"గ్వారానీ." మా పల్లెల్లో పుట్టుకతో వచ్చే భాష.

"డాక్టరుతో?"

"స్పానిష్."

"దేవుడితో?"

"మాటల్లేవు."

కలం ఆగింది. "మీ ఆవిడతో?"

"వెంటపడినన్నాళ్ళూ స్పానిష్. ఒప్పుకున్నాక గ్వారానీ. ఇక్కడ అందరూ అంతే."

మా ఆవిడ ఎవులోహియా పోయి ఆరేళ్ళు. అది చెప్పలేదు. సునిల్దా చెప్పే ఉంటుంది.

"బావ ఇన్ని మాటలాడి ఎన్నాళ్ళయిందో!" అంది సునిల్దా, మాతే టీ కప్పు అందిస్తూ. "చొక్కా కూడా మార్చాడు, చూశారా ప్రొఫెసరుగారూ?"

"నోర్మూసుకో," అన్నాను గ్వారానీలో.

నీమియా తలెత్తి చూసింది. ఆకలిగా ఉన్నవాళ్ళు పక్కవాళ్ళ పళ్ళెం చూసినట్టు.

మూడోరోజు నేనే అడిగాను. "మీ ఇంట్లో ఏ భాష?"

"ఇంట్లో ఎవరూ లేరు." కాసేపు వాన చూసింది. "గ్వారానీ నోట వస్తే మా అమ్మ మూతి మీద కొట్టేది. పెద్దయ్యాక పుస్తకాల్లో నేర్చుకున్నాను. నాలుగు వందల పదకొండు ఇళ్ళు తిరిగాను. నా పట్నం బూట్లు చూడగానే అందరూ స్పానిష్‌లోకి దిగిపోతారు. నాతో ఆ భాషలో మాట్లాడినవాళ్ళు లేరు." నవ్వింది. "మీరూ అంతేగా."

ఆ భాష మాట్లాడానని నన్ను మొక్కజొన్న గింజల మీద మోకాళ్ళపై నిలబెట్టింది ఇలాంటి బూట్ల పంతులమ్మే. ఆమెను ఇప్పటికీ క్షమించలేదు. పైగా ఎవులోహియాతో ఆడిన మాటలు ఇంకో ఆడమనిషికి ఇస్తే దొంగతనమే అనిపించింది.

శనివారం ఎండ కాసింది. రోడ్డు తెరిచారు. సునిల్దా చీపా రొట్టెలు మూటగట్టి ఇచ్చింది. బస్సు వచ్చి ఆగింది.

"వెళ్ళొస్తాను, దోన్ క్రిస్పులో. పుస్తకం అచ్చయితే పంపిస్తాను." చెయ్యి చాపింది.

"మంచిది," అన్నాను స్పానిష్‌లో. చెయ్యి కలిపాను.

ఒక మెట్టు ఎక్కింది. ఇంకో మెట్టు ఎక్కింది. ఆమె వీపు చూస్తుంటే వెనకాల నా ఇల్లు ఎంత ఖాళీగా ఉందో తెలిసింది.

"నీమియా!"

తరవాతి మాటలు గ్వారానీలో వచ్చాయి. "పోకు. నువ్వు పోతే మళ్ళీ కుక్కతోనే మాట్లాడాలి నేను."

డ్రైవరు విసుక్కున్నాడు. "ఎక్కుతారా, దిగుతారా అమ్మా?"

దిగింది. బస్సు వెళ్ళిపోయింది. బురదలో పెట్టె పెట్టుకుని నిలబడి, ఒక్కో మాటా వెతుక్కుంటూ, గ్వారానీలో అంది:

"మళ్ళీ చెప్పు. మెల్లిగా."

"రాసుకోవడానికా?"

"కాదు."