నాలుక లేని గంట

నీలగుండం రాజ్యంలో రాజుకైనా విచారణ తప్పేది కాదు. సభామంటపంలో ఒక కంచుగంట వేలాడేది. రాజు మీద ఫిర్యాదు ఉన్నవాళ్లు ఎవరైనా దాన్ని మోగించవచ్చు. మోగిందా, సభ కూర్చుని తీరాల్సిందే. రాజు సింహాసనం దిగి నేల మీద నిలబడి జవాబు చెప్పాల్సిందే.

ఒకసారి రాజు గిరిశేఖరుడు తన తామరకొలను కోసం వాగుకు అడ్డుకట్ట వేయించాడు. దిగువ ఊళ్లో చేలు ఎండిపోయాయి. అక్కడి రైతు మల్లవ్వ గంట కొట్టడానికి వస్తోందని తెలిసి సభాపెద్ద కొండమయ్య కంగారుపడ్డాడు. చిన్నప్పుడు తాను భుజాన మోసిన రాజును దోషిలా ఎలా నిలబెట్టడం? సభ్యులంతా కూడబలుక్కుని గంట నాలుకను ఊడబెరికి అడవిలో పారేయించారు. అభిమానమంటే అదేనట, చూడండి పిల్లలూ! మల్లవ్వ ఎంత ఊపినా గంట పలకలేదు. ఆ పూటే రాజు పాదాలు రాయైపోయాయి. విచారణ ఎగ్గొడితే తగిలే శాపమది. పెద్దలు ఆ సంగతే మరిచిపోయారు.

రాజకుమార్తె కువలయకు తండ్రి అంటే ప్రాణం. రాయి ఆయన నడుము దాకా పాకేసరికి ఆ పిల్ల ఇక ఆగలేకపోయింది. కొండమయ్యను నిలదీసి జరిగిందంతా రాబట్టి, అటుకుల మూటతో అడవి దారి పట్టింది. ముళ్లపొదలు దాటింది. దారికి అడ్డంగా పడుకున్న ముసలి ఎలుగుబంటికి అటుకులన్నీ పెట్టేసింది. అది ఆమెను వీపున కొండ ఎక్కించి, ఒక గుహ ముందు దింపింది.

లోపల ఒక రాక్షసి, అడవిలో తనకు దొరికిన గంట నాలుకను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎందుకొచ్చావని అడిగి, అంతా విని, మెల్లగా అంది: "ఇది మోగితే సభ మీ నాన్న కిరీటం తీసేయొచ్చు. అయినా కావాలా తల్లీ?"

కువలయకు ఏడుపొచ్చింది. "తీసేస్తే తీసేయనీ అవ్వా. కిరీటం లేకపోయినా మా నాన్న మా నాన్నే. రాయైపోతే నన్ను దగ్గరికి తీసుకునేదెవరు?"

రాక్షసి ఆ పిల్ల కళ్లు తుడిచి, నాలుకను చేతిలో పెట్టింది.

కువలయ తిరిగొచ్చి భటుల చేత దాన్ని గంటకు బిగింపజేసింది. తాడు అందక ఎగిరెగిరి లాగింది. గంట ఖంగుమంది. కొండమయ్య తల దించుకుని సభ తీర్చాడు. రాజును మోసుకొచ్చి నేల మీద నిలబెట్టారు. మల్లవ్వను పిలిపించారు. ఆమె తన గోడంతా చెప్పుకుంది, రాజు తప్పు ఒప్పుకున్నాడు. కట్ట తెగ్గొట్టాలని, దిగువ చేలు పండేదాకా కిరీటం సభ దగ్గరే ఉంటుందని కొండమయ్య తీర్పు చెప్పాడు.  చెప్పీ చెప్పగానే రాయి కరిగిపోయింది. రాజు మల్లవ్వకు చేతులు జోడించి, కూతుర్ని గుండెకు హత్తుకున్నాడు.

తర్వాత పార పట్టుకుని కట్టను తానే తెగ్గొట్టాడు. చేలు పండాక సభ కిరీటం తిరిగి ఇచ్చింది. అది పెట్టుకుని రాజు చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? గంట తాడును చిన్నపిల్లల చేతికి కూడా అందేలా పొడుగు చేయించాడు.