పళ్ల డాక్టరూ ఆవిరి ఇంజినూ

"ఏ పన్ను నొప్పి?" అని అడిగింది డాక్టర్, తలెత్తకుండానే గ్లవ్స్ తొడుక్కుంటూ.

"పన్ను కాదండీ. కాస్త గాలి కావాలి," అన్నాడతను.

అప్పుడు చూసింది. కింద కుట్టుమిషన్లు బాగుచేసే షాపతను. చేతిలో తువ్వాలు పరిచిన ట్రే, అందులో అరచెయ్యంత ఇత్తడి ఇంజిన్.

రెండేళ్లుగా ఖాళీ దొరికినప్పుడల్లా కూర్చుని ఆ ఆవిరి ఇంజిన్ చేశానని, ఆదివారం టౌన్‌హాల్లో మోడల్స్ ప్రదర్శనలో నడిపించాలని చెప్పాడు. కొత్త ఇంజిన్ బిగుతుగా ఉంటుందట. ఆవిరి పెట్టేముందు కొన్ని గంటలు తక్కువ ప్రెషర్ గాలితో మెల్లగా తిప్పితే లోపలి భాగాలు ఒకదానికొకటి అలవాటు పడతాయట. బిల్డింగ్ మొత్తానికీ కంప్రెసర్ ఉన్నది ఆమె క్లినిక్‌లోనే.

నవ్వు ఆపుకుని, లంచ్ టైములో ఒక గంట వాడుకోమంది.

మొదటి రోజు చక్రం మొరాయించింది. నూనె చుక్కలు వేసి, వేలితో తిప్పి, బతిమాలినంత పనిచేసి కదిలించాడు. నల్లటి నూనె కారింది. రెండో రోజు ఆమె తన బాక్స్ తెచ్చుకుని పక్కనే కూర్చుంది. మూడో రోజు రెండు బాక్సులు తెచ్చింది. ఎందుకని అతను అడగలేదు, తిన్నాడు. కిటికీ మీద సన్నగా వాన. నాలుగో రోజుకి నూనె తేటగా వస్తోంది.

ఆ రోజే కొంప మునిగింది. కస్టమర్ వచ్చాడంటే అతను కిందికి వెళ్లాడు. ఇంకాస్త జోరుగా తిరిగితే ఎలా ఉంటుందోనని ఆమె ప్రెషర్ పెంచింది. చక్రం ఝుమ్మని తిరిగి, కీచుమని ఆగిపోయింది.

అతను రాగానే ఉన్నదున్నట్టు చెప్పేసింది. అతను చక్రాన్ని ఒకసారి వేలితో తిప్పి చూశాడు. ఇంజిన్‌ని తువ్వాల్లో చుట్టుకుని వెళ్లిపోయాడు. మర్నాడు రానేలేదు. నాలుగు తిట్టినా బాగుండేది అనుకుంది.

సాయంత్రం తనే షాపుకి వెళ్లింది. విప్పి పెట్టిన ఇంజిన్‌లో పిస్టన్ మీద సన్నటి గీత కనిపించింది. నూనె వేయకుండా వెళ్లిన తప్పు తనదేనని, ఆ సంగతి చెప్పడానికి మొహం చెల్లక రాలేదని గొణిగాడు.

ఆమె బ్యాగ్‌లోంచి పళ్లకు మెరుగుపెట్టే పేస్టూ, చిన్న బ్రష్‌లూ తీసింది.

"జరగండి. ఇంత సన్నపనే నేను రోజూ చేసేది."

గీత నునుపయ్యేదాకా ఇద్దరూ ఒకే దీపం కింద తలలు వంచి కూర్చున్నారు.

ఆదివారం హాల్లో అతను చిన్న బాయిలర్ కింద మంట వెలిగించాడు. వాల్వ్ తిప్పితే ఇంజిన్ ముందు రెండుసార్లు నీళ్లు చిమ్మింది. తర్వాత దారిలో పడి తీరుబడిగా తిరిగింది. చుట్టూ జనం మూగారు. అతను మాత్రం ఆమెనే చూశాడు.

అందరూ వెళ్లాక, బాయిలర్ చల్లారేదాకా ఇద్దరూ కుర్చీల్లో కూర్చున్నారు.

"గురువారం అమ్మ ఎవరినో కలవమంటోంది. మంచివాడట," అంది ఆమె.

అతను చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. అవి ఎప్పుడో శుభ్రమైపోయాయి.

"కలవకండి," అన్నాడు చివరికి.

"అమ్మకేం చెప్పను?"

"నేనున్నానని చెప్పండి."

ఆమె అక్కడే ఫోన్ చేసి స్పీకర్ ఆన్ చేసింది. విషయం చెప్పింది. అతనేం చేస్తాడని తల్లి అడిగింది. కుట్టుమిషన్లు బాగుచేస్తాడంది. అతను కుర్చీ అంచుకి జరిగాడు.

"సరే, వాళ్లకి నేనేదో చెప్పుకుంటాలే," అంది తల్లి. "గురువారం ఆ టైముకి ఇతన్నే తీసుకురా. ముందు నేను చూడాలి."

ఆమె ఫోన్ పెట్టేసి అతని వైపు తిరిగింది.

"ఐదింటికి. షాపు కాస్త తొందరగా మూసేయండి."